మ్యాగ్ మార్చేటప్పుడు టైం ఎక్కడ పోతోంది? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిస్టల్ రీలోడ్ గురించే ఉన్నాయి, అంటే వాడేసిన మ్యాగ్ (బుల్లెట్లు పట్టే మ్యాగజైన్) తీసి నిండుది పెట్టడం, అందుకే మిగతావి పక్కన పెట్టి అవన్నీ ఒకేచోట వేస్తున్నా. ఎక్కువగా అమెరికాలో యు.ఎస్.పి.ఎస్.ఏ., ఐ.డి.పి.ఏ. అనే సంస్థలు నడిపే పిస్టల్ షూటింగ్ మ్యాచ్‌లు ఆడే మనవాళ్ళే అడిగారు. హైదరాబాద్ నుంచి కూడా ఒకటి వచ్చింది.

ప్రశ్న: అన్నా నమస్తే. ఏడాది నుంచి లోకల్ యు.ఎస్.పి.ఎస్.ఏ. మ్యాచ్‌లు ఆడుతున్నా, ప్రొడక్షన్ డివిజన్ (పెద్దగా మార్పులు చెయ్యని గన్‌ల విభాగం), 9 ఎం.ఎం. ఇంట్లో చేస్తే రీలోడ్ ఒకటిన్నర సెకన్లో అయిపోతుంది, మ్యాచ్‌లో మాత్రం రెండున్నర, ఒక్కోసారి మూడు. చెయ్యి ఎంత ఫాస్ట్‌గా కదిపినా టైమర్ మారట్లేదు, మ్యాగ్ వెళ్ళి మ్యాగ్‌వెల్ (పిడి అడుగున మ్యాగ్ దూరే చోటు) అంచుకి కొట్టుకుని ఆగిపోతుంది. ఏం చెయ్యమంటావు? (ప్లేనో, టెక్సాస్)

జవాబు: ముందు చెయ్యి స్పీడ్ గురించి ఆలోచించడం మానెయ్ తమ్ముడూ. బెల్టు మీదున్న పౌచ్ నుంచి పిస్టల్ దాకా ఎడమ చెయ్యి వెళ్ళేది మహా అయితే అడుగున్నర, అక్కడ ఎంత తొందరపడ్డా మిగిలేది కొంచెమే. టైం కారిపోయేది వేరే మూడు చోట్ల. ఆఖరి షాట్ అయ్యాక పాత మ్యాగ్ వదిలే బటన్ నొక్కడానికి తీసుకునే టైం, మ్యాగ్ లోపలికి దూరే చివరి రెండంగుళాలు, మ్యాగ్ ఎక్కాక రెండు చేతుల గ్రిప్ మళ్ళీ కుదుర్చుకునే టైం. నీ ఉత్తరం చూస్తే నీకు మూడూ ఉన్నట్టున్నాయి కానీ నీకు కనిపించేది మధ్యదొక్కటే, ఎందుకంటే అక్కడ చప్పుడు వస్తుంది కాబట్టి.

బటన్ సంగతి చూద్దాం. ఆఖరి బుల్లెట్ పేలగానే చాలామంది ఏం చేస్తారంటే టార్గెట్ వైపు ఇంకోసారి చూస్తారు, తగిలిందా లేదా అని, తర్వాత పిస్టల్ దగ్గరికి లాక్కుంటారు, అప్పుడు బొటనవేలితో బటన్ వెతుక్కుంటారు, అది నొక్కాక ఎడమ చెయ్యి బెల్టు వైపు బయల్దేరుతుంది. అంటే ఒకదాని తర్వాత ఒకటి, లైన్లో నిలబడ్డట్టు. ఇవన్నీ ఒకేసారి జరగాలి. షాట్ పేలినప్పుడు సైట్ (గన్ మీద గురి చూసే గుర్తు) ఎక్కడుందో చూసుంటే బుల్లెట్ ఎక్కడ పడిందో నీకు తెలిసిపోయినట్టే, మళ్ళీ చూడక్కర్లేదు. ట్రిగ్గర్ మీద వేలు బయటికి, బొటనవేలు బటన్ మీదకి, ఎడమ చెయ్యి గన్ వదిలి పౌచ్ వైపుకి, ఈ మూడూ కలిసి మొదలవ్వాలి. పాత మ్యాగ్ నేలని తాకకముందే నీ ఎడమ చెయ్యి కొత్త మ్యాగ్ మీద ఉండాలి. ఇంట్లో ఫోన్లో వీడియో తీసుకుని స్లోలో చూడు, ఎక్కడ ఆగుతున్నావో నీకే కనబడుతుంది.

వేలు గురించి ఇంకోసారి చెప్తా, రీలోడ్ చేసేటప్పుడు ట్రిగ్గర్ గార్డ్ లోపల వేలుంటే రేంజ్ ఆఫీసర్ వార్నింగ్ ఇవ్వడు, నేరుగా డిస్‌క్వాలిఫై, ఆ రోజుకి ఆట అయిపోయినట్టే. వేలు స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కీ ముందుకీ కదిలే భాగం) పక్కన తిన్నగా చాపి, కనిపించేలా పెట్టు.

పిస్టల్ ఎక్కడ పెట్టాలి అంటే, కుడి మోచెయ్యి పక్కటెముకల దగ్గరికి వస్తే గన్ దానంతటదే గడ్డం ఎత్తులో, ముఖానికి ఓ అడుగు దూరంలో ఆగుతుంది. బొడ్డు దగ్గరికి దించావంటే తల కూడా దించాలి, మళ్ళీ ఎత్తాలి, రెండూ దండగ. మ్యాగ్‌వెల్ మూతి నీ ఎడమ పౌచ్ వైపు తిరిగేలా కొంచెం వాల్చు, కానీ అతిగా అడ్డంగా పడుకోబెట్టకు, పాత మ్యాగ్ బరువుతో జారాలి కదా, అడ్డంగా ఉంటే సగంలో ఇరుక్కుంటుంది. గన్ అక్కడే కదలకుండా ఉండాలి, మ్యాగే దాని దగ్గరికి రావాలి. రెండూ కదులుతుంటే ఎదురెదురుగా ఢీకొట్టడమే, నీ మ్యాగ్ అంచుకి తగలడానికి సగం కారణం ఇదే అయ్యుంటుంది.

మిగతా సగం కళ్ళు. సూదిలో దారం ఎక్కించేవాళ్ళు దారం చూడరు, సూది కన్ను చూస్తారు, ఇక్కడా అంతే. బటన్ నొక్కిన క్షణం నుంచి చూపు మ్యాగ్‌వెల్ మూతి మీద ఉండాలి, అది కూడా మొత్తం మూతి కాదు, దాని వెనక గోడ మీద. మ్యాగ్ పట్టుకునేటప్పుడు చూపుడువేలు మ్యాగ్ ముందు భాగం వెంబడి పైకి వెళ్ళి, వేలి కొస పైనున్న బుల్లెట్ ముక్కు దగ్గర ఉండాలి, అప్పుడు వేలు ఎటు చూపిస్తే మ్యాగ్ అటు పోతుంది. మ్యాగ్ వెనక చదును భాగాన్ని మొదట మ్యాగ్‌వెల్ వెనక గోడకి ఆనించి, అక్కడ ఒక్క లిప్తపాటు కోణం సరిచేసుకుని, అప్పుడు అరచేత్తో ఒకే తోపు. ఆ లిప్తపాటు ఆగడం టైం వేస్ట్ అనిపిస్తుంది, కానీ అంచుకి తగిలి వెనక్కి తీసి మళ్ళీ పెట్టడానికి పట్టే టైంతో పోలిస్తే అది ఏపాటి.

దీనికి షూటింగ్ కోచ్ మ్యాట్ బర్కెట్ పేరు మీద ఒక పాత డ్రిల్ ఉంది, షూటర్లు బర్కెట్ రీలోడ్ అంటారు. టార్గెట్ మీద సైట్ పెట్టి మొదలుపెట్టు, బీప్ రాగానే బటన్ నొక్కి, కొత్త మ్యాగ్ తెచ్చి, దాని కొస మ్యాగ్‌వెల్‌లో అర అంగుళం దూరగానే ఆపెయ్. లోపలికి తొయ్యొద్దు. ఆగాక చూసుకో, కోణం సరిగ్గా ఉందా, వేలు ఎక్కడుంది, మోచెయ్యి ఎక్కడుంది. నీకైతే పూర్తి రీలోడ్లు వంద చేసేకన్నా ఇది ఇరవై చేస్తే ఎక్కువ లాభం, ఎందుకంటే పూర్తిగా చేసేటప్పుడు తప్పు జరిగినా మ్యాగ్ ఎలాగోలా ఎక్కేస్తుంది, ఎక్కేసిందిగా అని మనం వదిలేస్తాం.

మూడోది గ్రిప్. మ్యాగ్ తోసిన అరచెయ్యి అలాగే పైకి జారి గ్రిప్‌లోకి రావాలి, చెయ్యి దూరంగా విసిరి మళ్ళీ తేవొద్దు. మ్యాగ్ కూర్చున్న క్షణమే కళ్ళు తర్వాతి టార్గెట్ మీదకి వెళ్ళిపోవాలి, గన్ కళ్ళని వెతుక్కుంటూ వస్తుంది.

ఇక లెక్క. టాప్ షూటర్లు దగ్గర టార్గెట్ల మీద ఒక సెకను అటూ ఇటూలో చేస్తారు, షాట్ నుంచి షాట్‌కి. నీకు ఇప్పుడది అక్కర్లేదు. మ్యాచ్‌లో ప్రతిసారీ ఒకటిన్నరలో అయితే చాలా బాగున్నట్టు. ఎల్ ప్రెసిడెంటే స్టేజ్ తీసుకో (స్టేజ్ అంటే మ్యాచ్‌లో ఒక్కో రౌండు ఆట), అమెరికా పిస్టల్ గురువు జెఫ్ కూపర్ పెట్టినది, 10 గజాల్లో మూడు టార్గెట్లు, వెనక్కి తిరిగి నిలబడి మొదలుపెట్టాలి, ఒక్కోదానికి రెండు, రీలోడ్, మళ్ళీ ఒక్కోదానికి రెండు, మొత్తం 12 షాట్లు, 60 పాయింట్లు. అన్నీ ‘ఎ’ జోన్‌లో (టార్గెట్ మధ్య భాగం, షాట్‌కి 5 పాయింట్లు) పడి 6 సెకన్లు పడితే హిట్ ఫ్యాక్టర్, అంటే పాయింట్లని సెకన్లతో భాగిస్తే వచ్చేది, 10. రీలోడ్‌లో అర సెకను తగ్గించి 5.5లో ముగిస్తే 10.9. బానే ఉంది. కానీ ఆ తొందరలో రీలోడ్ తర్వాత గ్రిప్ కుదరక మూడు షాట్లు దాని చుట్టూ ఉన్న ‘సి’ జోన్‌లోకి పోయాయనుకో, మైనర్ పవర్‌లో (నీ 9 ఎం.ఎం. లాంటి తక్కువ బలం బుల్లెట్ల లెక్క) సి కి 3 పాయింట్లే, మొత్తం 54, హిట్ ఫ్యాక్టర్ 9.8. అంటే అర సెకను మిగిల్చి కూడా ముందున్నదానికన్నా కింద పడ్డావు. నేను గ్రిప్ గురించి అంత గోల పెట్టేది ఇందుకే.

ప్రశ్న: అన్నయ్యా, నా చేతులు చిన్నవి. మ్యాగ్ రిలీజ్ బటన్ బొటనవేలికి అందదు, గన్ చేతిలో తిప్పుకోవాల్సి వస్తుంది, తిప్పాక మళ్ళీ గ్రిప్ పోతుంది. మా వారేమో చేతికి బలం రావాలి, గ్రిప్పర్ వాడు అంటారు. నిజమేనా? (ఓ పాఠకురాలు, షార్లట్)

జవాబు: బావగారికి ఒక నమస్కారం చెప్పు చెల్లెమ్మా, కానీ ఇది బలం సమస్య కాదు, వేలి పొడవు సమస్య, గ్రిప్పర్ నొక్కితే వేలు పొడుగవదు. గన్ తిప్పుకోవడం తప్పేమీ కాదు, చేతులు పెద్దగా ఉన్న మగవాళ్ళలో కూడా చాలామంది తిప్పుతారు. ఎలా తిప్పుతున్నావన్నదే చూసుకోవాలి. ఎడమ చెయ్యి గన్ వదిలే క్షణంలోనే, ఇంకా పూర్తిగా వదలకముందే, కుడి చేతిలో గన్ కొంచెం తిరిగిపోవాలి, నొక్కగానే వెనక్కి వచ్చెయ్యాలి, కొత్త మ్యాగ్ వచ్చేసరికి కుడి చెయ్యి పాత చోటే ఉండాలి. మ్యాగ్ ఎక్కాక కుడి చెయ్యి సర్దుకుంటున్నావంటే లేటుగా తిప్పుతున్నట్టు.

దీనికి కొత్త మ్యాగ్ కూడా అక్కర్లేదు, ఖాళీ గన్‌తో ఎయిమ్ చెయ్, తిప్పు, నొక్కు, మళ్ళీ ఎయిమ్, అంతే. అది కాక సామాను వైపు కూడా చూడు. మార్చుకోగల బ్యాక్‌స్ట్రాప్ (పిడి వెనక తొడుగు) ఉన్న గన్ అయితే అన్నిటికన్నా చిన్నది పెట్టు, చాలామంది డబ్బాలో ఏది పెట్టి ఇచ్చారో దాంతోనే ఏళ్ళు గడిపేస్తారు. కాస్త పొడుగు బటన్ కూడా దొరుకుతుంది, నీ డివిజన్‌లో ఒప్పుకుంటారో లేదో రూల్ బుక్ చూసుకుని కొను. మరీ పొడుగుది వద్దు, గ్రిప్ గట్టిగా పట్టినప్పుడు అదే నొక్కుకుపోయి స్టేజ్ మధ్యలో మ్యాగ్ జారి పడుతుంది.

ఎడమచేతి వాటం వాళ్ళు కూడా అడుగుతుంటారు కాబట్టి ఇక్కడే చెప్తున్నా, బటన్ అటువైపుకి మార్చుకోవచ్చు, లేదా అలాగే ఉంచి చూపుడువేలితో నొక్కొచ్చు. చూపుడువేలితో నొక్కితే ఒక లాభం, నొక్కేటప్పుడు ఆ వేలు ట్రిగ్గర్ మీద ఉండే ఛాన్సే లేదు.

ప్రశ్న: అన్నా, అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, పాప నాలుగేళ్ళది, పైగా కింద ఫ్లోర్ వాళ్ళు చప్పుడైతే కంప్లయింట్ ఇస్తారు. రేంజ్‌లో గన్ హోల్‌స్టర్ (నడుముకి కట్టుకునే ఒర) నుంచి తియ్యనివ్వరు, రీలోడ్ చేసి ఫాస్ట్‌గా కాల్చనివ్వరు. ఇంట్లో ఎలా ప్రాక్టీస్ చెయ్యాలి? (బెల్‌వ్యూ, వాషింగ్టన్)

జవాబు: ఇంట్లోనే చెయ్యాలి అన్నా, రీలోడ్ నేర్చుకోవడానికి బుల్లెట్ అక్కర్లేదు. కానీ పాప ఉంది కాబట్టి టెక్నిక్ కన్నా ముందు పద్ధతి. డ్రై ఫైర్ (బుల్లెట్ లేకుండా ఖాళీ గన్‌తో ప్రాక్టీస్) చేసే గదిలో నిజమైన బుల్లెట్ ఒక్కటి కూడా ఉండకూడదు, లోడ్ చేసిన మ్యాగ్ కూడా, జేబులో మర్చిపోయినది కూడా. గన్ ఖాళీ చేసి చాంబర్‌లోకి (పేలబోయే బుల్లెట్ కూర్చునే చోటు) చూడు, వేలితో తడిమి చూడు, మ్యాగ్‌వెల్ కూడా అలాగే. అన్నీ పక్క గదిలో పెట్టి తాళం వేసి, గది తలుపు వేసుకుని మొదలుపెట్టు. గన్ ఎప్పుడూ ఒకే గోడ వైపు ఉండాలి, ఆ గోడ అవతల మనుషులు ఉండే గది కాకూడదు, అపార్ట్‌మెంట్ కాబట్టి ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం, బయటి వైపున్న ఇటుక గోడ ఉంటే మంచిది. పాప పడుకున్నాకే చెయ్యి. అయిపోయాక అయిపోయింది అని పైకి అనుకుని గన్ సేఫ్‌లో పెట్టెయ్, ఇంకొక్కటి చేద్దాం అని మళ్ళీ తియ్యొద్దు. ఇంట్లో అనుకోకుండా పేలిన గన్‌ల కథల్లో చాలావరకు ఆ ఇంకొక్కటి దగ్గరే జరుగుతాయి.

ఖాళీ మ్యాగ్ బరువు వేరు, నిండు మ్యాగ్ బరువు వేరు, అందుకని కొత్తగా పెట్టే మ్యాగ్‌లో డమ్మీ రౌండ్లు వేసుకో. రంగు ప్లాస్టిక్‌వో, అల్యూమినియంవో, చూడగానే నిజమైనవి కావని తెలియాలి. డ్రై ఫైర్ మ్యాగ్‌లకి అడుగున రంగు టేపు చుట్టి, వాటిల్లో జన్మలో నిజమైన బుల్లెట్ వెయ్యకు.

చప్పుడు సంగతికొస్తే మంచం ముందు నిలబడి చెయ్యి, మ్యాగ్ పరుపు మీద పడుతుంది, కింది వాళ్ళకి తెలీదు, నడుం వంచి ఏరుకునే పని కూడా తప్పుతుంది. యోగా మ్యాట్ మీద దుప్పటి మడిచి వేసినా సరిపోతుంది.

టైమర్ ఫోన్ యాప్ చాలు, రెండు బీప్‌ల మధ్య టైం పెట్టుకోవడానికి. నీకు ఇప్పుడు హాయిగా అయ్యే టైం పెట్టు, రెండు సెకన్లనుకో, పదిలో తొమ్మిది శుభ్రంగా వస్తే సెకనులో పదో వంతు తగ్గించు. శుభ్రంగా అంటే రెండో బీప్‌కి గ్రిప్ కుదిరి సైట్ టార్గెట్ మీద ఉండాలి, మ్యాగ్ ఎక్కితే చాలదు. ఇంట్లో చాలామంది మోసపోయేది ఇక్కడే, మ్యాగ్ టక్ అని కూర్చున్న చప్పుడుకి టైం ఆపేసి 0.9 అని స్నేహితులకి మెసేజ్ పెడతారు, రేంజ్‌కి వెళ్తే అది 1.8. రోజూ పది నిమిషాలు చాలు, ఆదివారం ఒక్కరోజు రెండు గంటలు చేస్తే మాత్రం చేతులు నొప్పి తప్ప ఏమీ రాదు. మధ్యలో కొన్నిసార్లు బీప్ లేకుండా నెమ్మదిగా, మరీ నెమ్మదిగా చెయ్యి, అలాగే కొన్నిసార్లు చెయ్యగలిగినదానికన్నా ఫాస్ట్‌గా చెయ్యి, అప్పుడు ఏది విరిగిపోతుందో తెలుస్తుంది. తెలిసినదాన్ని మళ్ళీ నెమ్మదిగా సరిచెయ్.

ప్రశ్న: మేముండేది న్యూజెర్సీలో, 10 రౌండ్ల మ్యాగ్ దాటకూడదు. టెక్సాస్ నుంచి వచ్చాను, అక్కడ కారీ ఆప్టిక్స్ డివిజన్‌లో ఇరవై పైచిలుకు పట్టే మ్యాగ్ వాడేవాణ్ణి, స్టేజ్ మొత్తానికి ఒక్క రీలోడ్ సరిపోయేది. ఇప్పుడు ప్రతి స్టేజ్‌లో ఎక్కడ మార్చాలో అర్థం కాక గన్ ఖాళీ అయి నిలబడిపోతున్నా. (ఎడిసన్)

జవాబు: ముందు పాత మ్యాగ్‌లు ఆ రాష్ట్రంలోకి తెచ్చుకోలేదు కదా, తెచ్చుంటే అది రీలోడ్ సమస్య కాదు, లాయర్ సమస్య. న్యూజెర్సీ, న్యూయార్క్, కాలిఫోర్నియాల్లో 10, కొలరాడోలో 15, ఇల్లినాయిలో పిస్టల్‌కి 15, ఇలా రాష్ట్రానికో లెక్క. మనవాళ్ళు ప్రాజెక్ట్ మారితే ఇల్లు ఖాళీ చేసి యు-హాల్ అద్దె ట్రక్కులో సామాన్లన్నీ వేసుకుని బయల్దేరతారు, ఆ సామాన్లలో ఏముందో చూసుకోరు.

ఇక ఆట. నీ పాత అలవాటు ఏంటంటే ఖాళీ అయ్యేదాకా కాల్చడం. 10 రౌండ్లతో అది కుదరదు, కుదరకపోవడమే మంచిది కూడా, ఎందుకంటే ఖాళీ అయ్యి స్లైడ్ వెనక్కి ఆగిపోయాక చేసే రీలోడ్ ఎప్పుడూ ఖరీదే, నువ్వు ప్లాన్ చేసుకోని చోట వస్తుంది, ట్రిగ్గర్ నొక్కితే పేలదు, ఒక్క క్షణం బుర్ర ఆగిపోతుంది, పైగా స్లైడ్ వదలడం అనే ఇంకో పని. రీలోడ్ అన్నది కాళ్ళు కదులుతున్నప్పుడు చెయ్యాలి. ఒక చోటు నుంచి ఇంకో చోటుకి ఎలాగూ నాలుగడుగులు వెయ్యాలి, ఆ టైం ఎలాగూ ఖర్చయ్యేదే, అందులోనే మ్యాగ్ మారిపోతే రీలోడ్ ఫ్రీ. నిలబడి చేస్తే మాత్రం ప్రతి పదో వంతూ స్కోర్ నుంచి పోతుంది.

యు.ఎస్.పి.ఎస్.ఏ.లో ఒకే చోట నుంచి 8 హిట్లకి మించి అడగకూడదని రూల్, లాంగ్ కోర్స్ (పెద్ద స్టేజ్) మొత్తం 32 రౌండ్లకి మించదు. కాబట్టి 10 రౌండ్ల వాడికి ప్లాన్ సింపుల్, ఒక చోటు అవ్వగానే కదులుతూ మార్చెయ్, ఇంకా రెండు మిగిలాయే అని చూడకు. మిగిలిన రెండూ మిస్ అయితే మళ్ళీ కాల్చుకోవడానికి అనుకో. చాంబర్‌లో ఒకటి కలిపి 11, తర్వాత 10, 10, అంటే మూడు మ్యాగ్‌లకి 31. 32 రౌండ్ల స్టేజ్‌కి ఒకటి తక్కువ. కాబట్టి బెల్టు మీద తక్కువలో తక్కువ నాలుగు ఉంచుకో, అయిదు ఉంటే ఇంకా నిశ్చింత. మొదటి ఒక రౌండ్ చాంబర్‌లోకి ఎక్కించడానికి వేరే మ్యాగ్ ఒకటి పెట్టుకో, దాంతో ఎక్కించి, తీసేసి, నిండు మ్యాగ్ పెట్టు.

స్టేజ్ నడిచి చూసుకునే అయిదు నిమిషాల్లో షూటింగ్ చోట్లు గుర్తుపెట్టుకున్నట్టే రీలోడ్ మొదలయ్యే అడుగు కూడా గుర్తుపెట్టుకో. ఈ గోడ దాటగానే అని కాదు, ఈ గోడ దగ్గర ఆఖరి టార్గెట్ మీద రెండో షాట్ పేలగానే, మొదటి అడుగుతోపాటే బటన్. చాలామంది రెండడుగులు పరిగెత్తాక గుర్తొచ్చి మొదలుపెడతారు, తర్వాతి చోటికి చేరేసరికి చేతులు ఇంకా మ్యాగ్‌తో కుస్తీ పడుతుంటాయి. చేరకముందే మ్యాగ్ ఎక్కి గన్ కళ్ళ ముందుకి వచ్చెయ్యాలి.

ఒక్క జాగ్రత్త. కుడిచేతి వాళ్ళు ఎడమవైపు పరిగెడుతూ రీలోడ్ చేస్తే గన్ మూతి తెలీకుండానే వెనక్కి తిరుగుతుంది, మ్యాగ్‌వెల్ వాల్చినప్పుడు బ్యారెల్ మన ఎడమకి వాలుతుంది, ఒళ్ళు కూడా ఎడమకే తిరిగి ఉంటుంది, రెండూ కలిస్తే 180 డిగ్రీల గీత (గన్ మూతి వెనకున్న మనుషుల వైపు తిరగకుండా పెట్టిన ఊహా హద్దు) దాటేస్తుంది, డిస్‌క్వాలిఫై. ఎడమకి వెళ్ళేటప్పుడు నడుం కింద కాళ్ళు మాత్రమే తిప్పి, భుజాలు టార్గెట్ల వైపే ఉంచి, బ్యారెల్‌ని కావాలని కుడికి నెట్టి పెట్టు. స్పీడ్ కొంచెం తగ్గినా పర్లేదు.

ప్రశ్న: యు.ఎస్.పి.ఎస్.ఏ. ఆడేవాణ్ణి, ఫ్రెండ్ పిలిస్తే ఐ.డి.పి.ఏ. మ్యాచ్‌కి వెళ్ళా. పరిగెడుతూ మ్యాగ్ పడేసి కొత్తది పెట్టా, 3 సెకన్ల పెనాల్టీ వేశారు. ఎందుకు? (ఆస్టిన్)

జవాబు: ఆ మ్యాగ్‌లో ఇంకా బుల్లెట్లు ఉన్నాయి కాబట్టి. 1996లో ఐ.డి.పి.ఏ. పెట్టినవాళ్ళ ఉద్దేశం ఆత్మరక్షణకి మోసుకెళ్ళే గన్‌తో ఆట, నిజంగా అవసరమైనప్పుడు బుల్లెట్లున్న మ్యాగ్ ఎవడైనా నేలపాలు చేస్తాడా అని వాళ్ళ వాదన. అక్కడ గన్ పూర్తిగా ఖాళీ అయితే మ్యాగ్ పడెయ్యొచ్చు, లేకపోతే సగం మ్యాగ్ జేబులోనో పౌచ్‌లోనో దాచుకోవాలి. కాబట్టి అక్కడ స్లైడ్ లాక్ రీలోడే (గన్ ఖాళీ అయి స్లైడ్ వెనక్కి ఆగాక చేసేది) ప్రాక్టీస్ చెయ్యాలి, పై జవాబులో నేను ఖరీదు అన్నదే అక్కడ రోజువారీ తిండి. మ్యాగ్ కూర్చోగానే ఎడమ బొటనవేలు గ్రిప్‌లోకి వస్తూ దారిలో స్లైడ్ స్టాప్ నొక్కేస్తే ఎక్కువ టైం పట్టదు. నువ్వు రెండూ ఆడాలనుకుంటే ఏ వారం ఏ మ్యాచో చూసుకుని ఆ వారమంతా ఆ రీలోడే చెయ్యి, కలిపితే రెండూ పాడవుతాయి.

ప్రశ్న: హెచ్-1బి మీద ఉన్నా. గన్ కొనను, ఫ్రెండ్ గన్, ఫ్రెండ్ మ్యాగ్‌లతో మ్యాచ్ ఆడితే పర్లేదు కదా? రీలోడ్ ప్రాక్టీస్‌కి వాళ్ళింటికి వెళ్తున్నా. (పేరు వద్దన్నారు)

జవాబు: పర్లేదు అని ఎవరు చెప్పారో గానీ తప్పు చెప్పారు. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్ళు, హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 అన్నీ అందులోకే వస్తాయి, గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర ఉంచుకోకూడదు. సొంతమా, అరువా అన్నది లెక్క కాదు, చేతిలో పట్టుకున్నా దగ్గరున్నట్టే. దీనికి మినహాయింపులు ఉన్నాయి, అందరికీ తెలిసినది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. చాలామంది అది తీసుకునే రేంజ్‌కి వెళ్తున్నారు. కానీ రాష్ట్రాల సొంత చట్టాలు దీనిపైన ఉంటాయి, కాబట్టి ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగి, రాతలో జవాబు తీసుకుని, అప్పుడు మొదలుపెట్టు. అప్పటిదాకా ఫ్రెండ్ ఇంటికి వెళ్ళడం ఆపెయ్ తమ్ముడూ. గ్రీన్ కార్డ్ వచ్చాక ఈ అడ్డు ఉండదు.

ప్రశ్న: సార్, నేను హైదరాబాద్‌లో 25 మీటర్ల పిస్టల్ మొదలుపెట్టాను, .22. ఫోన్లో రీలోడ్ వీడియోలు చూసి నేర్చుకుంటున్నా, నా స్కోర్‌కి ఉపయోగపడుతుందా? (ఇంటర్ సెకండియర్ విద్యార్థిని)

జవాబు: ఉపయోగపడదమ్మా. ఒలింపిక్ ఆటలో సిరీస్‌కి అయిదే రౌండ్లు, మధ్యలో మ్యాగ్ మార్చే పనే లేదు, మగవాళ్ళ ర్యాపిడ్ ఫైర్‌లో కూడా ఆ అయిదూ 8, 6, 4 సెకన్లలో కాల్చడమే. లోడ్ కమాండ్ వచ్చాక తాపీగా మ్యాగ్ పెట్టుకుంటారు. ఆ వీడియోలు చూసే టైం ఒంటిచేత్తో గన్ ఎత్తి పట్టుకోవడం మీద, ట్రిగ్గర్ మీద పెట్టు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో 25 మీటర్ల పిస్టల్‌లో సిల్వర్, టీమ్‌లో గోల్డ్ తెచ్చింది, అందులో రీలోడ్ స్పీడ్‌కి పని లేదు. పైగా ఈ అమెరికా మ్యాచ్‌ల్లో వాడే 9 ఎం.ఎం. మన దేశంలో నిషేధిత బోర్ (గొట్టం సైజు), మామూలు లైసెన్స్ మీద రాదు. మీ కోచ్ చెప్పింది చెయ్యి, ఒక్కటి మాత్రం ఇక్కణ్ణుంచి తీసుకో, మ్యాగ్ పెట్టేటప్పుడు ట్రిగ్గర్ మీద వేలు ఉండకూడదు, అది అన్ని ఆటలకీ ఒకటే.

ప్రశ్న: రీలోడ్ ఫాస్ట్‌గానే అవుతుంది గానీ ఒక్కోసారి ఒక షాట్ పేలి తర్వాతది పేలదు, చూస్తే మ్యాగ్ కింద వేలాడుతుంటుంది. గన్ మార్చెయ్యాలా? (ఫీనిక్స్)

జవాబు: గన్ పాపం ఏం చేసింది. స్లైడ్ మూసి ఉన్నప్పుడు నిండు మ్యాగ్ పెడితే పై బుల్లెట్ స్లైడ్ అడుగుకి ఒత్తుకుంటుంది, స్ప్రింగ్ పూర్తిగా నొక్కుకుని ఉంటుంది కాబట్టి ఇంక లోపలికి పోవడానికి చోటుండదు, ఖాళీ మ్యాగ్‌తో ఇంట్లో చేసిన మెత్తటి తోపు అక్కడ చాలదు. చాంబర్‌లో ముందే ఉన్న బుల్లెట్ పేలుతుంది, స్లైడ్ వెనక్కి వెళ్ళి వస్తుంది, మ్యాగ్ కిందకి జారి ఉంది కాబట్టి ఏమీ ఎక్కదు. బేస్‌ప్యాడ్ (మ్యాగ్ అడుగు మూత) మీద వేళ్ళ కొసలతో కాదు, అరచేతి మడమతో గట్టిగా తొయ్యి, టక్ అనాలి. మ్యాగ్ మరీ బిగుతుగా ఉంటే, డివిజన్ లెక్క ఒప్పుకుంటే, ఒకటి తక్కువ వెయ్యి. స్టేజ్ మధ్యలో అయితే ఆలోచించకుండా అడుగున ఒక్క దెబ్బ, స్లైడ్ లాగు, కాల్చు.

అరిజోనా కాబట్టి ఇంకోటి కూడా చూసుకో. అక్కడ మ్యాగ్ పడేది ఇసకలో. స్టేజ్ అయ్యాక తీసి ప్యాంటుకి తుడిచి మళ్ళీ పౌచ్‌లో పెట్టేస్తే లోపలి ఇసక ఫాలోవర్‌ని (బుల్లెట్లని పైకి నెట్టే పలక) పట్టేస్తుంది. అడుగు మూత తీసి, స్ప్రింగ్ బయటికి తీసి, మ్యాగ్ బ్రష్ ఒకసారి పోనిచ్చి, పొడిగా తుడిచి పెట్టు. లోపల ఆయిల్ వెయ్యొద్దు, ఇసకని అంటించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. ప్రతి మ్యాగ్ మీద పెయింట్ పెన్‌తో నంబర్ రాసుకో, ఏ నంబర్‌తో ఆగిందో రాసి పెట్టుకుంటే మూడు నాలుగు మ్యాచ్‌లకి దొంగ దొరుకుతాడు, ఎక్కువసార్లు అదే నంబర్ వస్తుంది. దాని పై పెదవులు వంగి ఉన్నాయేమో చూడు, స్ప్రింగ్ మార్చి చూడు, అప్పటికీ ఆగితే దాన్ని డ్రై ఫైర్‌కి పడేసి ఇంకోటి కొనుక్కో.